తుపాను జాబితాలో పెంపుడు జంతువులకూ చోటివ్వండి

తుపాను అంటే కోస్తా వాళ్ల బెడదని కడప చాలాకాలం ధీమాగా ఉంది. 2020 నవంబరు చివర నివర్ తుపాను వర్షాలకు బుగ్గవంక వాగు పొంగి నగరంలోని ఇళ్లలో నీళ్లు చేరాక ఆ ధీమా సడలింది. మరుసటి ఏడాది నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి చెయ్యేరు నది ఒడ్డు ఊళ్లు కొట్టుకుపోయాక పూర్తిగా పోయింది. ఇప్పుడు వాయుగుండం అన్న మాట వినిపిస్తే చాలు, సమీక్షలు, కంట్రోల్ రూములు, పునరావాస కేంద్రాలు చకచకా సిద్ధమవుతాయి. ఇంట్లో మనిషిలా పెరిగే కుక్క, పిల్లి మాత్రం ఏ జాబితాకూ ఎక్కవు.

పాడి ఆవు, గేదె చనిపోతే రూ.37,500, గొర్రె, మేకకు రూ.4,000, కోడికి రూ.100 చొప్పున సాయాన్ని 2022-26 విపత్తు నిబంధనల్లో పెట్టారు. జీవనాధారానికి లెక్క కట్టడం న్యాయమే. పెంపుడు జంతువుకూ డబ్బివ్వమని మేము అడగడం లేదు. అడుగుతున్నది పునరావాస కేంద్రంలో ఒక గది. కుక్కను కేంద్రంలోకి రానివ్వరంటే దాన్ని వదల్లేక మునిగే ఇంట్లోనే ఉండిపోయే మనుషులున్నారు. అమెరికా 2005లో కత్రినా తుపానులో ఈ పాఠం నేర్చుకుని, ఖాళీ చేయించే ప్రణాళికల్లో పెంపుడు జంతువులనూ చేర్చాలని మరుసటి ఏడాదే చట్టం చేసింది.

ప్రభుత్వం చేసేదాకా ఇంటివారు ఆగనక్కర్లేదు. అన్నింటికంటే ముందు చూడాల్సింది గొలుసు. గేటు పక్కన కట్టేసిన కుక్కకు ఆ రెండు గజాలే లోకం. నీళ్లు పెరిగి గొలుసు బిగిస్తే ఎంత ఈత వచ్చినా తప్పించుకోలేదు. వెంట తీసుకెళ్లడం ఏ విధంగానూ కుదరకపోతే, కనీసం గొలుసు విప్పి మేడ మెట్లకు దారి తెరిచి వెళ్లాలి. పశువుల పలుపు విప్పాలని రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. పట్టణాల్లో కుక్కను కాపలాకే తప్ప మరెందుకూ తలవని ఇళ్లలోనే ఈ మరుపు ఎక్కువ. అలాగని వాన మొదలుకాకముందే వదిలేసినా ముప్పే. టపాకాయల చప్పుడుకు గోడ దూకే కుక్క ఉరుముకు ఆగుతుందా? ముందే ఇంట్లోకి తెచ్చి, మెడపట్టీ మీద చెరగని సిరాతో ఫోను నంబరు రాయాలి.

పిల్లి సంగతి వేరు. బయలుదేరే వేళ అటకెక్కితే ఎంత పిలిచినా దిగదు. మూతబుట్టను నాలుగు రోజుల ముందే తెచ్చి, అందులోనే తిండి పెడుతుంటే అలవాటు పడుతుంది. సంచిలో మూడు రోజుల ఆహారం, తాగునీరు, టీకా కార్డు ఉండాలి. వణుకుతోందని మనం వాడే పారాసెటమాల్ వేయడం ప్రమాదం, పిల్లికది విషమే. ఎలుకల మూత్రం కలిసిన వరదనీటితో వచ్చే లెప్టోస్పైరోసిస్ మనుషులకూ సోకుతుంది కాబట్టి కుక్కకు ఆ టీకా సంగతి పశువైద్యుణ్ని అడగడం మంచిది.

కుక్కలంటే భయపడేవారు, గిట్టనివారు ఉంటారు గనుకే వేరే గది అంటున్నాం. బడిలో చివరి గదైనా, కల్యాణ మండపం వెనుక వరండా అయినా చాలు. టీకా కార్డు చూపాలని, శుభ్రం చేసే బాధ్యత యజమానిదేనని షరతు పెట్టండి. 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాన్ని రోజుకోసారి అటు పంపండి. ఏ కేంద్రంలో ఈ వసతి ఉందో అక్టోబరు సమీక్షలోనే తేల్చి, ఖాళీ చేయమని వేసే దండోరాలో ఆ కేంద్రం పేరూ చెప్పించాలి.