స్టోర్ పెద్దాయన గారికి, దర్శనం కాని భక్తురాలు రాయునది

స్కాట్లండ్‌లోని స్కై ద్వీపంలో, ట్రాటర్నిష్ కొండల మీద వేంచేసి ఉన్న మహారాజశ్రీ ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టోర్ గారి దివ్య సముఖానికి, గ్లాస్గోలో ఉద్యోగం వెలగబెడుతున్న ఒక గోదావరి జిల్లా పిల్ల నమస్కరించి రాయునది.

విషయం: దర్శనం ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

తమరు రాయి. దాదాపు యాభై మీటర్ల ఎత్తున నిటారుగా నిలబడ్డ రాయి. ఈ సంగతి ముందే ఎందుకు ఎత్తుతున్నానంటే, రాయి అన్నాక ఎక్కడికీ పోదు, ఎప్పుడెళ్ళినా ఉంటుందన్న నమ్మకంతోనే నేను బస్సెక్కాను. గ్లాస్గో నుంచి మీ ద్వీపంలోని పోర్ట్రీ ఊరికి దాదాపు ఏడు గంటలు. సెప్టెంబరు మొదటి వారం, మూడు రోజుల సెలవు, ఒక్కదాన్నే.

మర్నాడు పొద్దున లోకల్ బస్సులో మీ కొండ కింద దిగుతుంటే, డ్రైవర్ అద్దంలోంచి ఆకాశం చూసి "డ్రీఖ్" అన్నాడు. స్కాట్లండ్ వాళ్ళ మాట. మన ముసురులో కాస్త దిగులు కలిపితే అదీ. వాన పైనుంచి పడుతుందని చిన్నప్పటి నుంచి అనుకుంటున్నాను. మీ దగ్గర పక్కనుంచి వస్తుంది, ఒక్కోసారి కిందనుంచి కూడా. రాజమండ్రిలో కొన్న మూడు మడతల గొడుగు పది అడుగులు కూడా నడవలేదు, డిష్ యాంటెన్నాలా తిరగబడింది. ఊచలన్నీ ఏరుకుని, అస్థికల్లా సంచిలో పెట్టుకుని మోశాను. మీ కొండ మీద చెత్త వేయలేదని దయచేసి గమనించగలరు.

ముప్పావు గంట ఎక్కాను. మ్యాపులో నీలం చుక్క మీ పాదాల దగ్గరికి వచ్చి ఆగింది. నేనూ ఆగాను. తమరు లేరు. ఎటు చూసినా పాలు ఒలకబోసినట్టు తెలుపు.

తిరుమలలో ఎంత రద్దీ ఉన్నా, కంపార్ట్‌మెంట్‌లో ఎన్ని గంటలు కూర్చున్నా, "జరగండి జరగండి" అని తోసేలోపు రెండు సెకన్లయినా స్వామి కనబడతాడు. ఏడుకొండలవాడే కనబడగా లేనిది, ఒక్క కొండకు ఇంత పట్టుదల ఎందుకండీ?

పైగా అమ్మకి వీడియో కాల్ చేశాను.

"అమ్మా, స్టోర్ దగ్గరున్నా."

"ఏ స్టోరే? ఏం కొన్నావు?"

"కొనడం కాదమ్మా, రాయి."

"రాయి కొన్నావా? సరే గానీ, ఆ ఆవిరేంటే? జలుబు చేసిందా?"

ఇంటికొచ్చి తమరి చరిత్ర తిరగేశాను. అరవై మిలియన్ ఏళ్ళ నాటి లావా రాయట. కింద మెత్తటి పొరలు బరువు మోయలేక కొండే జారిపోతే, ఆ జారిన ముక్కల్లో మిగిలినవారు తమరట. అంటే ఎప్పుడో జారిపడి, లేచి నిలబడ్డారు, అంతేగా? దిగేటప్పుడు నేనూ జారాను. నన్ను చూడ్డానికి ఎవరూ రాలేదు.

1955 దాకా తమరి నెత్తి మీదికి ఎవరూ ఎక్కలేకపోయారట. మొదట ఎక్కినవాళ్ళలో ఒకాయన పేరు డాన్ విలన్స్. డానూ విలనూ ఒకే మనిషిలో ఉంటే తప్ప మీరు లొంగలేదన్నమాట.

"మా పాత భాష గేలిక్‌లో ఈ ద్వీపానికి పొగమంచు ద్వీపం అని ఇంకో పేరుంది, ముందే చెప్పాంగా" అంటారేమో. ఫోటోల్లో మాత్రం మీ వెనక ఎప్పుడూ నీలాకాశమే ఎందుకుంటుందో అది కూడా చెప్పండి. 1773 సెప్టెంబరులోనే ఇంగ్లీషు నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్ ఇక్కడికి వచ్చి, గాలీ వానా కదలనివ్వకపోతే ఆ కోటలో కొన్నాళ్ళు, ఈ ఇంట్లో కొన్నాళ్ళు గడిపాడు. అరవై నాలుగో పుట్టినరోజు కూడా డన్‌వెగన్ కోటలోనే. మొత్తం నెల రోజులు. ఆయనకేం, సోమవారం పొద్దున మీటింగ్ లేదు.

సరే, మీరు కనబడలేదని నేనేమీ గదిలో దుప్పటి కప్పుకుని పడుకోలేదు. ఒక్కదాన్నే వెళ్ళడంలో ఉన్న సుఖం ఏంటంటే, "ముందే చెప్పానా" అనేవాళ్ళు పక్కన ఉండరు. తర్వాతి బస్సెక్కి కిల్ట్ రాక్ దగ్గర దిగాను. అక్కడ మీల్ట్ జలపాతం కొండ అంచు మీంచి తిన్నగా సముద్రంలోకి దూకుతుంది. ఆ రోజు గాలికి కొన్ని నీళ్ళు దూకడం మానేసి వెనక్కి లేచి నా మొహాన పడ్డాయి. అంచున ఉన్న ఇనుప రెయిలింగ్ గొట్టాల్లో గాలి దూరి వేణువులా మోగుతోంది. ఒక స్వరం పట్టుకుని, దాని మీదే సాగదీసి, విసురు పెరిగితే పైకి ఎక్కుతోంది. చెవి ఆనించి విన్నాను. ఎండ కాసే రోజు, గాలి లేని రోజు వచ్చినవాళ్ళకి ఈ కచేరీ లేదు. మీ ఇంటి నుంచి కొద్ది మైళ్ళే, మీకు తెలిసే ఉంటుంది.

ఇంకా పైన కిల్‌ముయిర్‌లో పాతకాలం గడ్డి ఇళ్ళని మ్యూజియంగా ఉంచారు. బారెడు మందం రాతి గోడలు. పైకప్పు మీంచి తాళ్ళు, ఆ తాళ్ళ చివర చూరు పొడుగునా రాళ్ళు వేలాడుతున్నాయి, గాలికి కప్పు ఎగిరిపోకుండా. వాటిని చూడగానే కోనసీమ గుర్తొచ్చింది. 96 తుఫానులో మా అమ్మమ్మ వాళ్ళ తాటాకు కప్పు పక్క ఊరి పొలంలో తేలింది. ఆ తర్వాత ఏ చిన్న గాలి లేచినా తాతయ్య కప్పు మీద ఇటుకలు పేర్చేవాడట. తాటాకు మీద పడితే వాన చప్పుడుకి పక్కవాళ్ళ మాట వినబడదు. ఈ గడ్డి కప్పు కింద మాత్రం చినుకు చప్పుడే లేదు. బయట అంత గోల జరుగుతుంటే లోపల నిశ్శబ్దం. బస్సు టైమయ్యేదాకా అక్కడే ఉండిపోయాను.

సాయంత్రం పోర్ట్రీలో కలెన్ స్కింక్ అనే సూపు తెచ్చిపెట్టారు. పొగబెట్టిన హ్యాడక్ చేప, బంగాళాదుంప, ఉల్లిపాయ, అన్నీ పాలల్లో! మా ఇంట్లో చేపల పులుసు తిన్న రాత్రి పాలు ముట్టనివ్వరు, బొల్లి వస్తుందని భయం. గిన్నె ముందు పెట్టుకుని రెండు నిమిషాలు అమ్మమ్మ మొహం తలుచుకున్నాను. టేబుల్ కింద నా సాక్సుల్లోంచి నీళ్ళు కారి చిన్న మడుగు కట్టింది. మూడో నిమిషానికి గిన్నె ఖాళీ. అమ్మకి చెప్పలేదు. మీరూ చెప్పకండి.

ఇన్ని జరిగినా ఫ్యామిలీ గ్రూపులో అడిగింది మాత్రం మీ ఫోటోయే. నేను తీసిన తెల్లటి ఫోటోనే పెట్టాను. బాబాయ్ "సూపర్ లొకేషన్" అని చప్పట్లు కొట్టాడు.

ఇట్లు,
తడిసి ముద్దయిన భక్తురాలు

తా.క.: వచ్చేటప్పుడు మీ బొమ్మ ఉన్న ఫ్రిజ్ మాగ్నెట్ కొన్నాను. నీలాకాశం కింద ఠీవిగా నిలబడ్డారు. పాలు తీసినప్పుడల్లా మీ వంక ఒకసారి చూసి, తలుపు కాస్త గట్టిగానే వేస్తున్నాను.