నాలుగో ఏట గండం

2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో జెండా ఊపితే కడపలోనూ విమానం కదిలింది. చిన్న ఊళ్లకు తక్కువ ధరకు విమానాలు నడిపించే కేంద్ర పథకం ‘ఉడాన్’ కింద ఆ రోజు మొదలైన సర్వీసుల్లో కడప-హైదరాబాద్, నాందేడ్-హైదరాబాద్ రెండూ ట్రూజెట్‌వే. 2015 జూలైలో పుట్టిన ఈ హైదరాబాద్ సంస్థ నడిపినవి ఏటీఆర్-72 అనే చిన్న ప్రొపెల్లర్ విమానాలు. వెనుక తలుపే మెట్లుగా మారి నేలకు దిగుతుంది. ఎక్కేవారు విమానాలు నిలిపే చోటు మీదుగా నడిచొచ్చి, తల కాస్త వంచి లోపలికి వెళ్తారు. టెర్మినల్ నుంచి నేరుగా విమానంలోకి వెళ్లే ఎయిరోబ్రిడ్జి లేని ఊరికి ఇంతకన్నా తగిన వాహనం లేదు. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ ఆగిపోయింది, ఆ మెట్లు మూసుకున్నాయి.

ఇది మనకు కొత్త కథేమీ కాదు. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి బేగంపేట నుంచి నడిపిన డెక్కన్ ఎయిర్‌వేస్ 1953 జాతీయీకరణలో కలిసిపోయింది. దానిది గౌరవప్రదమైన ముగింపు. విజయవాడ కేంద్రంగా 2013లో ఎగిరిన ఎయిర్ కోస్టా నాలుగేళ్లు నిండకుండానే 2017లో ఆగిపోయింది.

చిన్న సంస్థ ప్రయాణికులు లేకే మూతపడుతుందని అనుకోవడం సగం నిజమే. టికెట్టు రూపాయల్లో అమ్మి, విమానం అద్దె డాలర్లలో కట్టాలి. నాలుగైదు విమానాలున్న చోట ఒకటి మరమ్మతుకు వెళ్తే ఆ రోజు మూడు ఊళ్లకు సర్వీసు రద్దు. రెండుసార్లు అలా జరిగితే కడప వ్యాపారి మూడోసారి రాత్రి బస్సే ఎక్కుతాడు. పెద్ద సంస్థకు ఈ బాధ లేదు. 2017 చివర్లో ఇండిగో కూడా ఏటీఆర్‌లు తెచ్చింది. ఒక మార్గంలో వచ్చిన నష్టాన్ని మరో మార్గం లాభంతో పూడ్చుకోగలదు.

ఉడాన్ ఈ తేడాను మూడేళ్లపాటు కప్పిపుచ్చింది. సుమారు గంట ప్రయాణానికి కొన్ని సీట్లకు రూ. 2,500 గరిష్ఠ ధర, లోటుకు సర్కారు భర్తీ, ఆ మార్గంలో మరొకరు పోటీకి రాకుండా రక్షణ. గడువు తీరిన మర్నాటి సంగతి ఎవరూ రాసిపెట్టలేదు. కాగ్ 2023 నివేదిక ప్రకారం మూడో విడత ఉడాన్ వరకు కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మూడేళ్లు పూర్తిచేసినవి 112. ఆ తర్వాతా నడిచినవి 54. ఇంత ఖర్చుకు ఇంత ఫలితమా అని పౌర విమానయాన శాఖ తనను తానే అడగాలి. ఆ శాఖకు ఇప్పుడు మన శ్రీకాకుళం ఎంపీయే మంత్రి.

భర్తీని ఒక్కసారిగా తుంచేయకుండా ఏటేటా తగ్గించాలని మేము కోరుతున్నాం. శంషాబాద్‌లో మరమ్మతు కేంద్రాలు ఉండగా, చిన్న సంస్థలన్నీ వాడుకునే ఉమ్మడి విడిభాగాల నిల్వ పెట్టడం అసాధ్యమేమీ కాదు. వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి వచ్చింది. వరంగల్ వాసులు భూసేకరణ లెక్కలతోపాటు, అక్కడికి వచ్చే సంస్థ చేతిలో అదనపు విమానం ఒక్కటైనా ఉందా అన్నదీ ఇప్పుడే అడగాలి.