తీయకుండా ఆగిపోయిన సినిమా గారికి బైండింగు బల్ల నుంచి ఒక లేఖ

మహారాజరాజశ్రీ 'డే ఆఫ్ ది ఛాంపియన్' గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు ఆర్టు బుక్కుగా అవతరిస్తున్నారని విన్నాం. ఆలూ లేదు, చూలూ లేదు, సోమలింగం గారికి మాత్రం మూడు మిల్లీమీటర్ల అట్ట, ఆ అట్టకో పెట్టె సిద్ధమవుతున్నాయి. సంతోషం.

తమ జాతకం లోకానికి తెలిసిందే. హాలీవుడ్‌లో మొదలై ఆగిపోయిన కారు రేసుల సినిమా. హీరో స్టీవ్ మెక్వీన్, డైరెక్టరు జాన్ స్టర్జెస్, డబ్బు వార్నర్ బ్రదర్స్‌ది. జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేసు ట్రాకులో ఇంకొకరు కెమెరా పెట్టకుండా ఒప్పందం కూడా రాయించుకున్నారు. 1965 ఆగస్టులో అక్కడ బ్రిటిష్ డ్రైవరు జిమ్ క్లార్క్ గెలిచిన రేసును తీశారు కూడా. ఇంతలో హీరోగారు వేరే సినిమాకని తైవాన్ వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయారు. పోటీ సినిమా 'గ్రాండ్ ప్రీ' 1966 డిసెంబరులో విడుదలైంది, ఆపైన మూడు ఆస్కార్లు పట్టుకుపోయింది. తమరికి మిగిలింది ఎక్కువగా ఒప్పందాలూ, ఉత్తరాలూ, స్క్రిప్టూ. అంతా కాగితమే గనక పుస్తకం కావడంలో తప్పేం లేదు. తీసిన ఆ రేసు ఫ్రేములు అచ్చేసి సినిమా వేషం కట్టబోతేనే చిక్కు.

సెకనుకు 24 ఫ్రేములు తీసే కెమెరాలో ఒక్కో ఫ్రేముకి వెలుతురు తగిలేది సెకనులో సుమారు 48వ వంతు. గంటకు 200 కిలోమీటర్ల కారు ఆపాటికే మీటరు దాటి జరుగుతుంది. కెమెరా కారుతో పాటు తిరిగితే సరే, లేకపోతే ఆ మీటరంతా చెదురుతుంది. తెర మీద దాన్నే వేగం అంటారు. పుస్తకంలో చూసినవాడు "ప్రింటు చెడింది, డబ్బు వాపసివ్వండి" అంటాడు. ఆ భయంతో కంప్యూటర్లో పదును పెట్టిస్తారు. టైరు గాట్లు లెక్కపెట్టొచ్చు గానీ, క్లార్క్ కారు లోటస్ 33 కాస్తా కల్యాణమండపం ముందు ఆపిన అంబాసిడర్‌లా నిలబడిపోతుంది. చెదురు చెదురుగానే ఉండనివ్వండి, స్వామీ.

పైగా 35 ఎంఎం ఫ్రేము వెడల్పు 22 మిల్లీమీటర్లు. అడ్డం ఏ4లో రెండు పేజీలకీ పరిస్తే 594. అంటే 27 రెట్లు! ఫిల్ము మీది చుక్క ఉప్మారవ్వంత అవుతుంది. డ్రైవరు కూర్చునేది కారు మధ్యలో, పుస్తకం మడత పడేదీ మధ్యలోనే. గమ్ బైండింగు చేయిస్తే క్లార్క్ ముఖం మడతలోకి పోయి హెల్మెట్ అంచులే మిగులుతాయి. కుట్టు బైండింగు చేయించి, బొమ్మను ఒక పక్కకి జరపండి. కాగితం గ్రెయిన్, అంటే పీచు వరస, పుస్తకం వెన్ను వెంబడే పోవాలి, అడ్డంగా పోతే వానాకాలంలో పేజీలు అప్పడాల్లా లేస్తాయి.

ఇక లోటస్ ముదురాకుపచ్చ. అచ్చులోని నాలుగు రంగుల సిరాల శాతాలూ కూడితే 300 దాటిందా, సరిగా ఆరదు, పైన పడే షీటుకి అంటుతుంది. మ్యాట్ కాగితం మీద ఆరాక నల్లబడుతుంది కూడా. తడి ప్రూఫు చూసి సంతకం పెట్టేవాళ్ళకి మా నమస్కారం.

బరువు సంగతంటారా, 170 జీఎస్ఎం (చదరపు మీటరుకి 170 గ్రాముల) కాగితం మీద 240 పేజీలకి అట్ట కాక లోపలి కాగితమే కిలోంబావు. టీపాయ్ తూకం సరిపోయింది.

240 ఎందుకంటే, ఫారానికి, అంటే మడిచిన ఒక్కో షీటుకి, 16 పేజీల చొప్పున 15 ఫారాలు. తమ మేటరు 236కే అయిపోతోంది. మిగిలిన నాలుగింటిలో ఎవరో ఆర్టిస్టు చేత క్లైమాక్సు బొమ్మలు వేయిస్తారట. వద్దు, తెల్లగా వదిలేయండి. మేటరు రాలేదని ప్రెస్సువాళ్ళు ఫోన్ చేస్తారు. అవును, రాలేదనే చెప్పండి.

ఇట్లు,
సూదీ దారంతో
బైండింగు బల్లవాళ్ళం