కార్టూన్లు చూస్తే పిల్లలకు ఫిట్స్ వస్తాయా?

వేసవి సెలవులు వచ్చాయంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్ళీ తిరగడం మొదలవుతుంది. జపాన్‌లో కార్టూన్ చూసి ఒకేరోజు 700 మంది పిల్లలకు ఫిట్స్ వచ్చాయట. టీవీకి దగ్గరగా కూర్చుంటే కళ్ళు పోతాయట. కొట్లాటలు చూసిన పిల్లలు రౌడీలవుతారని సైన్స్ తేల్చేసిందట. కాబట్టి కార్టూన్ ఛానెళ్ళు తీసేయించండి, పదిమందికీ పంపండి!

ముందు జపాన్ సంగతి. ఇది పూర్తిగా కట్టుకథ కాదు, అందుకే జనం నమ్ముతున్నారు. 1997 డిసెంబర్ 16న అక్కడ ప్రసారమైన పోకెమాన్ ఎపిసోడ్‌లో ఒక పేలుడు దృశ్యం ఉంది. అందులో ఎరుపు, నీలం వెలుగులు సెకనుకు సుమారు 12 సార్ల చొప్పున కొన్ని సెకన్లపాటు మిణుకుమన్నాయి. 685 మందిని అంబులెన్సుల్లో ఆసుపత్రులకు తీసుకెళ్ళారు. ఇంతవరకూ నిజమే. మెసేజ్ మింగేసింది మిగతా సగాన్ని. వాళ్ళలో చాలామందికి వచ్చినవి తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం లాంటివి, అవి త్వరగానే తగ్గిపోయాయి. మిణుకు వెలుగుకి ఫిట్స్ వచ్చే తత్వం ఉన్నట్టు తేలినవాళ్ళు కొద్దిమందే. అలాంటివాళ్ళకు వీడియో గేమ్ అయినా, డిస్కో లైట్లయినా, కదిలే బస్సులో చెట్ల సందుల్లోంచి పడే ఎండయినా ప్రమాదమే. తప్పు కార్టూన్‌ది కాదు, ఆ మిణుకుది. ఆ సిరీస్‌ను నాలుగు నెలలు ఆపేశారు. 1998లో జపాన్ ప్రసార సంస్థలు ఇలాంటి వెలుగులకు హద్దులు పెట్టుకున్నాయి. ఆ ఎపిసోడ్ మళ్ళీ ప్రసారం కాలేదు.

కళ్ళ విషయానికొస్తే, 1967లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ కలర్ టీవీలు కొన్ని పరిమితికి మించి ఎక్స్-రేలు వదులుతున్నట్టు బయటపడింది. ఆ టీవీలకు దూరంగా కూర్చోమనడం సబబే. ఇప్పటి ఎల్ఈడీ టీవీల్లో అలా ఎక్స్-రేలు వదిలే ట్యూబులే లేవు. దగ్గరగా చూస్తే కళ్ళు అలసిపోవచ్చు, అంతే. పిల్లాడు టీవీకి అంటుకుపోయి చూస్తున్నాడంటే బహుశా అప్పటికే సైట్ ఉండి ఉంటుంది. తిట్టకుండా కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.

రౌడీల మాటకు మూలం 1961లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా చేసిన ప్రయోగం కావచ్చు. పెద్దవాళ్ళు గాలి బొమ్మను చితక్కొట్టడం చూసిన పిల్లలు తామూ అలాగే కొట్టారు. తర్వాత ఫిల్మ్‌లో చూపించినా అదే జరిగింది. చిన్నపిల్లలు చూసింది చేస్తారన్నది నిజమే, కొట్లాటలు చూసేటప్పుడు పక్కన పెద్దవాళ్ళు ఉండాలన్నదీ నిజమే. కానీ అది కాసేపటి తర్వాత, ఒక బొమ్మ మీద జరిగింది. ఇరవై ఏళ్ళకు ఆ పిల్లలు ఏమవుతారో అది చెప్పలేదు.

నాకు చిరాకు తెప్పించేది మెసేజ్‌లో లేని విషయం. అమ్మమ్మ సీరియల్, నాన్న న్యూస్ డిబేట్ దాని కంటికి ఆనవు. పిల్లలు ఏమీ చూడకపోయినా హాల్లో టీవీ మోగుతుంటే ఇంట్లో మాటలు తగ్గుతాయి. 2009లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, టీవీ వినిపించే ప్రతి గంటకూ పసిపిల్లల చెవిన పడే పెద్దవాళ్ళ మాటలు సుమారు 770 తగ్గాయి. ఆ మాటల లోటు తెర పూడ్చేదీ కాదు. 2003లో పిల్లలు భాష ఎలా నేర్చుకుంటారో పరిశోధించే ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు చైనీస్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తే ఆ భాష ధ్వనులు పట్టుకున్నారు, అదే వీడియోలో చూపిస్తే పట్టుకోలేదు.

ఇక ఛానెళ్ళు తీసేయించడం. 1975-76లో ఇస్రో, నాసా ఉపగ్రహం సాయంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పెట్టించి, పొద్దున పూట బడిపిల్లలకే కార్యక్రమాలు వేసింది. పెట్టెలో దోషముంటే ఆ పని చేసేదా? భారత పిల్లల వైద్యుల సంఘం 2021 సూచనలు కూడా ఏ ఛానెల్‌నూ నిషేధించవు, వయసునీ సమయాన్నీ చూస్తాయి: రెండేళ్ళలోపు తెర వద్దు, రెండు నుంచి ఐదేళ్ళ వరకు గంట దాటొద్దు, పదేళ్ళలోపు రెండు గంటల్లోపే. రెండేళ్ళలోపు వాళ్ళకు ఒక్క మినహాయింపు ఉంది: బంధువులతో అప్పుడప్పుడు వీడియో కాల్. డాలస్‌లో ఉన్న మనవరాలితో మాట్లాడే తాతయ్యలు నిశ్చింతగా ఉండొచ్చు.