లోడెక్కినాకే లైటు

చిత్తూరు పక్క పల్లెలో మామకు పది చక్రాల లారీ ఉంది. మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలకు కాయ తోలుతుంది. అల్లుడికి తిరుపతి రేణిగుంట రోడ్డులో ఆటో ఎలక్ట్రికల్ షాపు. లారీకి ఎడమ హెడ్‌లైటు బల్బు పోయింది. కొత్తది ఇంటి దగ్గరే ఏసి, ఫోకస్ (వెలుగు ఎంత ఎత్తులో, ఎటు పడాలో సరిచేసేది) కూడా తానే పెట్టుకుంటానంటాడు మామ.

అల్లుడు: బల్బు మార్చేది పెద్ద పని కాదు మామా, ఎవుడైనా మారుస్తాడు. ఫోకస్ పెట్టేదే పని. దానికి షాపుకు రావాల. ఎట్లా వొస్తావు గదా, ఎల్‌ఈడీ ఏసి పంపిస్తా.

మామ: ఎవుడైనా మారుస్తాడా? అట్ల మార్చినోళ్లే గదా నీ షాపు ముందర నిలబడేది! హెచ్‌4 అని, అంటే డిమ్ము బ్రైటు రెండూ ఒకే బల్బులో ఉండే రకమని చూసి 12 వోల్టుల కారు బల్బు తెస్తే, మన 24 వోల్టుల బండిలో స్విచ్చి ఎయ్యంగానే టప్పుమంటాది. 24 వోల్టులు, 75/70 వాట్లు అని రాసుండాల. కనెక్టరును పట్టుకోని లాగాల, వైర్లను కాదు. అది కాలి నల్లబడుంటే దాన్నీ మార్చాల, లేకుంటే కొత్త బల్బు దగ్గర మళ్లా అదే కథ. బల్బు పళ్లేనికి మూడు చెవులుంటాయి, వెడల్పు చెవి పైకి రావాల. గాజును వేలితో తాకితే జిడ్డంటిన చోటే వేడెక్కి పగుల్తాది, తాకితే స్పిరిట్ గుడ్డతో తుడవాల. వెనక రబ్బరు టోపీ అంచు సుట్టూ కూర్చోవాల, సందుంటే వాన నీళ్లు పోయి, లోపల వెలుగును ముందుకు తిప్పే అద్దం మచ్చలెక్కతాది.

అల్లుడు: నీ బండికి అద్దం ఎప్పుడో మచ్చలెక్కింది. దాంట్లో ఏ బల్బు ఏసినా దీపం బుడ్డే. సరే, వోల్టేజీ చూసినావా? ఇంజను నడస్తా ఉంటే బ్యాటరీ దగ్గర 28 ఉండి, లైటు ఎలిగినప్పుడు కనెక్టరు దగ్గర 25 చూపిస్తే ఏం చేస్తావు? వోల్టేజీ పదోవంతు తగ్గితే వెలుగు ఇంచుమించు మూడోవంతు పోతాది. నువ్వు బల్బును తిట్టుకుంటావు.

మామ: అది నిజమే. ఎర్త్ బోల్టు తుప్పుపట్టింటాది. ఊడదీసి ఎమెరీ కాగితంతో రుద్ది, వాజలీన్ పూసి బిగిస్తా. అద్దం పోయిన పక్క హెడ్‌లైటు పూర్తిగా మారుస్తాలే. దానికీ షాపు ఎందుకు?

అల్లుడు: మార్చేటప్పుడే ఎల్‌ఈడీకి పోరాదా? 24 వోల్టుల ఫిలమెంటు సన్నంగా ఉంటాది. గుంతల రోడ్డు కుదుపుకు తెగతాది. ఎల్‌ఈడీకి తెగడానికి ఫిలమెంటే లేదు. కరెంటు తక్కువ లాగతాది, కనెక్టరూ కాలదు.

మామ: కుదుపు మాట ఒప్పుకుంటా, అందుకే క్యాబిన్లో రెండు బల్బులు ఎప్పుడూ ఉంటాయి. ఎల్‌ఈడీ సంగతి ఎదురుగా వచ్చేవాణ్ని అడుగు. హెచ్‌4 బల్బులో డిమ్ము ఫిలమెంటు కింద చిన్న రేకు దోనె ఉంటాది. ఆ ఫిలమెంటు ఎంత సన్నం, ఎక్కడుంటాదని లెక్కేసి అద్దం వొంపు చేసినారు. అదే చోట దళసరి పలక మీద చిప్పులు పెడితే అద్దానికి లెక్క తప్పుతాది, వెలుగు అంచు చెదిరి పైకి పారతాది. మొగిలి ఘాటులో మంచు పట్టినప్పుడు ఆ పైకి పోయిన వెలుగంతా తిరిగి నీ కండ్లలోకే. పైగా దాని వెనక వేడి పోయే రెక్కలకు రబ్బరు టోపీ పట్టదు. టోపీ కోసి పెడతారు మీరు. నీళ్లు పోతాయని ఇప్పుడే గదా చెప్పినా!

అల్లుడు: ఎదుటోడి కండ్ల మీద అంత దయుంటే లైటు పై సగం మీద ఆ నల్ల టేపు ఏంది?

మామ: పైకి కొట్టకుండా. నాయన కాలం నుంచీ ఉండాదది.

అల్లుడు: దోనె సంగతి నువ్వే చెప్పినావు, దాని పనేందో తెలీదా? కిందికి పొయ్యే వెలుగును ఆపతాది. అందుకే డిమ్ములో అద్దం పై సగమే పనిచేస్తాది. ఆ పై సగం వెలుగు బయటికొచ్చే చోటే నువ్వు టేపు ఏసినావు. రోడ్డు మీద పడాల్సిన డిమ్మునే చంపుకున్నావు. బ్రైటు మాత్రం కింది సగంలోంచి హాయిగా పోతానే ఉంది.

మామ: ...మరి ఇన్నేండ్లు ఎవురూ...

అల్లుడు: డిమ్ము చాలక నువ్వు ఊర్లో గూడా బ్రైటే ఏసుకోని తిరగతాంటే, ఇంకెవురు చెప్తారు?

మామ: బ్రైటు ఎయ్యకుంటే కార్లోళ్లు దించుతారా? భాకరాపేట ఘాటులో మలుపు మలుపుకూ...

అల్లుడు: వాళ్ల సంగతి వాళ్లది. టేపు పెరుకు. కిరసనాయిలు గుడ్డ పెడితే జిగురు పోతాది. ఇంగ చెప్పు, ఫోకస్ ఎక్కడ పెడతావు? మీ కళ్లం వాలుగా ఉండాది గదా.

మామ: వాలుంటే తప్పు లేదు, వొంపు మారితే తప్పు. వెనక టైరు అడుగు నుంచి గోడ మొదులు దాకా మేస్త్రీ దారం బిగించి లాగుతా. నడాన గుంత గానీ దిబ్బ గానీ లేకుంటే ఆ చోటు పనికొస్తాది. నీ షాపు ముందర బండి రోడ్డు మీద, గోడ కాలవ అవతల. దానికేం చెప్తావు? చెప్తా విను. టైర్లలో గాలి సరిచూడాల. బండిని గోడకు ముక్కు ఆనించినట్టు పెట్టి, ఒక్కో లైటు నడిమి బొట్టును సుద్దతో గోడ మీద గుర్తు పెట్టాల. ఆ గుర్తుల్లో నిలువు గీతలు, అడ్డ గీత. తర్వాత సూటిగా 10 మీటర్లు వెనక్కి. వెలుగు ఎంత దించాలో లైటు మీద గానీ దాని పక్కన గానీ శాతం అచ్చేసుంటే అదే పట్టుకోవాల, 10 మీటర్లకు 1 శాతం అంటే 10 సెంటీమీటర్లు. నా లైటు నేల నుంచి 110 సెంటీమీటర్లు. అచ్చు లేకుంటే, మీటరు దాటిన ఎత్తుకు ఒకటిన్నర నుంచి రెండు శాతం దించాల, అంటే అడ్డ గీతకు 15 నుంచి 20 సెంటీమీటర్ల కింద ఇంకో గీత. ఒక లైటు కనెక్టరు పీకేసి రెండోది డిమ్ములో ఎలిగించాల. ఎత్తు స్క్రూ తిప్పితే వెలుగు అంచు కింది గీత మీదికి రావాల. పక్క స్క్రూతో, ఆ అంచు ఎడమకు పైకి వంగే మూల నిలువు గీత మీద నిలవాల. మనది ఎడమ పక్క నడిచే దేశం, ఆ వంపు ఎడమకే ఉండాల. కుడికి వంగిందంటే లైటే మనది కాదు. బ్రైటును మళ్లా సరిచెయ్యక్కర్లేదు, డిమ్ముతోనే వొస్తాది.

అల్లుడు: ఇదంతా నేనూ చేస్తా మామా, నాకు రోజూ అలవాటు.

మామ: నువ్వు ఖాళీ బండికి చేస్తావు! లోడు బండిని నీ దగ్గర ఎవుడు నిలబెడతాడు? ముందు వెనక చక్రాలకు నడాన 5 మీటర్లు. కాయెక్కినాక ముందుకంటే వెనక 10 సెంటీమీటర్లు ఎక్కువ కుంగిందనుకో, బండి ముక్కు 2 శాతం పైకి లేచినట్టు. నువ్వు దించిన 20 సెంటీమీటర్లూ అక్కడే ఎగిరిపోతాయి. బండి రాత్రి లోడుతో మా ఇంటి ముందరే ఉంటాది. ఫోకస్ పెట్టాల్సింది అప్పుడే.

అల్లుడు: డ్యాష్‌బోర్డులో లైటు ఎత్తు దించే 0, 1, 2, 3 నాబ్ ఉండే బండికి ఆ మాట నడవదు. దానికి ఖాళీగా, నాబ్ 0లో ఉంచే పెట్టాల. లోడెక్కినాక డ్రైవరు తిప్పుకుంటాడు.

మామ: నా బండికి నాబ్ లేదు.

అల్లుడు: లేదు గాబట్టి నీ మాటకే వొస్తా. కానీ ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు ముక్కు వంగి వెలుగు కాళ్ల కాడ పడతాది. దానికేం చేస్తావు?

మామ: ఖాళీగా వచ్చేటప్పుడు నిదానంగా తోలుకుంటా. ఎదుటోడి కండ్లు పొయ్యే దానికంటే నా వెలుగు తగ్గేది మేలు. మోటారు వాహనాల రూల్సు 106లో చెప్పినట్టు, లైటుకు 8 మీటర్లు ముందర, అర మీటరు కుడి పక్కన, నేల నుంచి మీటరున్నర ఎత్తులో నీ కండ్లు పెట్టి చూడు. మిరుమిట్లు గొల్పితే ఇంకా దించుతా.

అల్లుడు: చూస్తాలే. 15 పెడతావా, 20 పెడతావా?

మామ: 20.

అల్లుడు: 20కి నీ డిమ్ము 55 మీటర్లకే నేలను తాకతాది. గంటకు 60 కిలోమీటర్ల మీద అది మూడు సెకండ్ల పైచిలుకు. 15 అయితే 73 మీటర్లు.

మామ: 15కి పెడితే కాయ తూకం కొంచెం ఎక్కువైన రోజు ఏమయితాది?

అల్లుడు: తూకం ఎక్కువ ఎక్కించడం ఇంకో తప్పు. సుద్ద ఇట్లియ్యి, 17 కాడ గీస్తా. నువ్వు ముందు ఆ టేపు పెరుకు.