ఆ ముక్క రాత్రే చెప్పి ఏడవొచ్చుగా!

టైము తెల్లవారుజామున ఐదున్నర. బెంగళూరు మారతహళ్లిలో మా వీధికి పాలవాడు కూడా ఇంకా రాలేదు. నేను మాత్రం పాత డెస్క్‌టాప్ ముందు కూర్చుని చదివిందే చదువుతున్నా. డిస్క్‌లో చోటు లేదట. డీ డ్రైవ్‌లో 14 జీబీ ఖాళీ కళ్లెదురుగా కనిపిస్తుంటే, చోటు లేదంట వీడికి!

ఫోన్లో తీసిన వీడియోని డీవీడీకి మార్చమని రాత్రి పదింటికి ఈ సాఫ్ట్‌వేర్‌కి పెట్టాను. 96 శాతం దాకా వచ్చింది. పరీక్షలో వస్తే వీధంతా స్వీట్లు పంచే మార్కులవి. అక్కడిదాకా వచ్చి చేతులెత్తేసింది.

అసలు సంగతేంటంటే, మా అక్క కొడుకు పంచెలకట్టు అయింది. పలమనేరు దగ్గర బావ వాళ్ల ఊళ్లో ఉండే అత్తయ్యకి (బావ వాళ్లమ్మ) ఆ వీడియో డీవీడీలో కావాలి. ఫోన్లో చూపిస్తే "ఇంత బొమ్మలో నా మనవడు యాడుండాడో ఏం కనపడతాది నాయనా" అంది. ఆవిణ్ణి నేను పల్లెత్తు మాటనను. ఆవిడ దగ్గర డీవీడీ ప్లేయరుంది, దానిమీద అల్లిక గుడ్డ ఉంది, రిమోటుకి ప్లాస్టిక్ కవరుంది. ఆవిడ ముచ్చట ఆవిడది. ఇక చేసేదెవరు? "వాడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ కదా!" మహాప్రభో, నేను చేసేది జీతాల లెక్కల టెస్టింగు. అయినా మా చుట్టాల్లో ప్రింటర్ పాడైనా నాకే ఫోను, మిక్సీ పాడైనా నాకే ఫోను.

"పాత కంప్యూటర్ కదా బ్రో, స్లోగానే ఉంటుంది" అని కామెంట్ పెట్టబోతున్నవాళ్లు అక్కడే ఆగండి. నేను తిడుతున్నది స్లో గురించి కాదు. ఫోన్‌లో తీసింది హెచ్‌ఈవీసీ అనే వీడియో ఫార్మాట్‌లో. ఆ ఫార్మాట్ 2013లో వచ్చింది, నాది అంతకుముందటి కోర్ టూ డ్యుయో ప్రాసెసర్. తను పుట్టాక ఎప్పుడో వచ్చిన భాషని పాపం ప్రాసెసర్ ఒక్కటే కూడబలుక్కుని చదవాలి, 1080 సైజు బొమ్మని డీవీడీ సైజు 720 బై 576కి కుదించాలి, మళ్లీ డీవీడీ ప్లేయరుకి అర్థమయ్యే ఎంపెగ్-2లో రాయాలి. సెకనుకి 25 ఫ్రేములు నడవాల్సిన బొమ్మని సెకనుకి ఏడు చొప్పున నూరుతోంది, రోట్లో పచ్చడిలాగా. నూరనీ. రోజూ సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి ఆఫీసుకెళ్లేవాడికి ఓపిక మీరు నేర్పాలా?

మొదటి రాత్రి రెండు పాసులు పెట్టా, అంటే వీడియోని ఒకసారి మొత్తం చూసుకుని రెండోసారి రాస్తుంది, బొమ్మ బాగా వస్తుందని. మొదటి పాసు సగంలో కంప్యూటర్ నిద్రపోయింది. స్లీప్ ఆపకపోవడం నా తప్పే, ఒప్పుకుంటా. రెండో రాత్రి వేడెక్కి టప్పున ఆరిపోయింది. విప్పితే ప్రాసెసర్ మీది ఫ్యాన్ కింద, ఆ అల్యూమినియం రెక్కల మధ్య ఉన్నది దుమ్ము కాదు, పరుపు. పాత టూత్‌బ్రష్ పెట్టి గంటసేపు తోమాను, మా ఆవిడ అటు పోతూ ఇటు పోతూ చూసింది, ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే ఎక్కువ మంట. కంప్యూటర్ సామాన్లమ్మే ఎస్పీ రోడ్డుకెళ్లి ప్రాసెసర్‌కి పూసే థర్మల్ పేస్టు, ఖాళీ డిస్కులు అడిగితే షాపువాడు "డీవీడీనా సార్? ఈగ యార్ తగోతారె?" (ఇప్పుడెవరు కొంటారు?) అని మ్యూజియం వస్తువుని చూసినట్టు నన్ను చూశాడు. విడిగా ఇవ్వనన్నాడు, 50 డిస్కుల డబ్బా అంటగట్టాడు. నాకు కావాల్సింది ఒకటి.

మూడో రాత్రి ఇదిగో, ఇది. డీ డ్రైవ్ ఫ్యాట్32, అంటే ఫైళ్లు సర్దిపెట్టే పాత పద్ధతి. అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. దాటితే ఎంత ఖాళీ ఉన్నా చోటు లేదనే అంటుంది. తమాషా ఏంటంటే, డీవీడీలోకి చివరికెళ్లేవి ఒక్కోటీ ఒక జీబీకి మించని ముక్కలే. మధ్యలో ఈ సాఫ్ట్‌వేర్ తన సౌకర్యం కోసం రాసుకునే తాత్కాలిక ఫైలు ఒకటుంది, అదీ కొండంత. దాని దగ్గరే బోల్తా.

నాకు ఒళ్లు మండేది ఇక్కడ. గంటా 55 నిమిషాల వీడియో, సెకనుకి ఇంత డేటా (బిట్‌రేటు), మొత్తం సైజు ఇంత వస్తుందని రాత్రి పదింటికి స్క్రీన్ మీద లెక్కకట్టి చూపించింది ఎవరు? ఇదే సాఫ్ట్‌వేరు! ఆ లెక్క నాలుగు దాటిందనీ తెలుసు, రాస్తున్నది ఏ డ్రైవ్ మీదో అదీ తెలుసు. "బాబూ, ఇది ఇక్కడ పట్టదు" అని ఒక్క ముక్క అంటే దీని సొమ్మేం పోయింది? అనదు. రాత్రంతా పచ్చ గీత పాకించుకుంటూ పోయి, కోడి కూసేవేళకి చావు కబురు చల్లగా చెబుతుంది. ఇలా ఉండే మనుషులు నాకు తెలుసు.

అసలు ఆ డ్రైవ్‌ని ఫ్యాట్32 చేసిందెవరు? బావ. ఆ కంప్యూటర్ నాకు అమ్మిందెవరు? బావ. 2012లో, 14 వేలకి. "రాయిరా బామ్మర్దీ, కళ్లు మూసుకుని తీసుకో" అన్నాడు. నిజంగానే కళ్లు మూసుకున్నా. వారానికి తెలిసింది, ముందువైపు యూఎస్‌బీ పోర్టు ముట్టుకుంటే చురుక్కుమంటుందని. "అవున్రా, అది ముట్టుకోకూడదు" అన్నాడు. మరి చెప్పలేదేం బావా అంటే "నువ్వడిగావా?" ఆ మాట అని బజ్జీ తింటున్నాడు, మా ఇంట్లో, మా అమ్మ వేసిన బజ్జీ.

అదీ వదిలేయండి. నా పెళ్లికి మాట్లాడిన వ్యాను రాదని ఆయనకి ముందురోజు సాయంత్రమే తెలుసు. మాకు చెప్పింది తెల్లవారుజామున మూడింటికి, ఆడవాళ్లంతా పట్టుచీరలు కట్టుకుని వీధిలో నిలబడ్డాక. "కంగారు పడతారని చెప్పలేదు." టమాటాలు తోలే మినీ లారీలో వెళ్లాం పెళ్లికి. మా మేనత్త చీర కుచ్చిళ్లకి అంటిన టమాటా మరక పెళ్లి వీడియోలో ఇప్పటికీ కనిపిస్తుంది, స్పష్టంగా, పైగా స్లో మోషన్‌లో.

ఇది టైప్ చేస్తుండగా బావ మెసేజ్. "డీవీడీ ఎందుకురా, అమ్మకి పోయిన నెల కొత్త టీవీ కొన్నాం. పెన్‌డ్రైవ్‌లో వేసి పంపు చాలు." పోయిన నెల! మూడు రాత్రులుగా రోజూ ఫోన్ చేసి "ఎంతవరకొచ్చింది" అని అడిగిన మనిషి!

సరే శని వదిలిందనుకుంటే పది నిమిషాలకి అత్తయ్య ఫోను. "ఆ కొత్త టీవీ నాకు చేతకాదు నాయనా, నువ్వు బిళ్లే పంపు. మావాడి మాట వినొద్దు."

బావ మాట వినొద్దని 2012లోనే ఎవరైనా చెప్పుంటే ఎంత బావుండేది.

డీ డ్రైవ్‌ని ఆ 4 జీబీ గొడవ లేని ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతికి మార్చేశా. ఒక్క లైను కమాండు, కొన్ని నిమిషాల పని, ఉన్న ఫైళ్లు కూడా పోలేదు. మళ్లీ మొదలెట్టా. ఇప్పుడు 2 శాతం. గీజరు, ఇస్త్రీపెట్టె ఒకేసారి వేస్తే మా ఇంట్లో ఎంసీబీ పడిపోయి కరెంటు పోతుంది, కాబట్టి ఈ పూట అందరికీ చన్నీళ్లే అని చెప్పా. మా ఆవిడ ఇప్పుడు మాత్రం మాట్లాడింది.