పాతిక సెంట్లా, పిల్లల తిండా?

కష్టకాలంలో ఒక కుటుంబం ఎలా నిలబడిందో చెప్పే చారిత్రక నవలలకు పాఠకులు ఎప్పుడూ ఉంటారు. 1845లో మొదలైన ఐర్లండ్ కరువు ఇలాంటి నవలలకు పెద్ద గని. తాను పస్తుండి పిల్లలకు పెట్టే తల్లి, అప్పుల్లో కూరుకుపోయిన తండ్రి, చివరికి అమెరికా ఓడ. చదువుతుంటే కళ్లు చెమరుస్తాయి, నిజమే. కానీ తల్లి ధైర్యాన్ని పొగడటంతోనే సరిపెడితే, ఆమెకు ఆ గతి పట్టించినవాళ్లు కథలోంచి జారుకుంటారు. నా అభ్యంతరమంతా అక్కడే.

అక్కడి పేదల ప్రధాన తిండి అయిన బంగాళాదుంపకు తెగులు దానంతటదే వచ్చింది. 1847 నాటి నిబంధనను మాత్రం బ్రిటిష్ పార్లమెంటు కూర్చుని రాసింది. పావు ఎకరం, అంటే మన లెక్కలో పాతిక సెంట్లు దాటి కౌలుకు ఉన్నవాడికి సర్కారు సాయం లేదు. తిండి కావాలంటే భూమి వదలాలి. వదిలితే వచ్చే ఏడు విత్తుకోవడానికి చోటుండదు. ఆ రాత్రి మొగుడూ పెళ్లాం పొయ్యి దగ్గర కూర్చుని ఈ లెక్క వేసుకోవడం ఊహించండి. "వదిలితే మళ్లీ రాదు" అంటాడు ఆయన. "పిల్ల ఏడవడం కూడా మానేసింది" అంటుంది ఆమె. ఇద్దరి మాటా న్యాయమే. ఈ ఒక్క సన్నివేశం పది పేజీల శోకం కంటే బరువైనది.

పేదల కోసం కట్టిన వర్క్‌హౌస్‌లలో చేరితే భర్త ఒకవైపు, భార్య ఇంకోవైపు, కాస్త ఎదిగిన పిల్లలు వేరే వార్డుల్లో. తిండి కోసం విడిపోవాల్సి వచ్చేది. ఆ గుమ్మం ఊసెత్తకుండా కుటుంబం కలిసికట్టుగా నిలిచిందని ఎలా రాస్తారు? 1847 వేసవిలో ఉచిత సూప్ కేంద్రాలు రోజుకు దాదాపు 30 లక్షల మందికి ఆహారం పెట్టాయి. పెట్టగలమని తేలాక కూడా కొద్ది నెలల్లోనే వాటిని మూసేశారు. ఆకలికి, జ్వరాలకు మొత్తం సుమారు 10 లక్షల మంది పోయారు.

బతికి బట్టకట్టినవాళ్ల గురించీ నిజం చెప్పాలి. టైఫస్ అనే అంటు జ్వరం భయంతో పొరుగువాళ్లకు తలుపు తీయని ఇళ్లున్నాయి. సొంత పిల్లలకు దాచుకున్న గంజి పక్కింటి పిల్లలకు అందలేదు. ఆ అపరాధ భావాన్ని మోస్తూ బతకడం కూడా నిలదొక్కుకోవడంలో భాగమే. రచయితలు దీన్ని రాయడానికి జంకుతారు, పాత్రల మీద ప్రేమ తగ్గిపోతుందేమోనని. నాకైతే అలాంటి తల్లి మీదే గౌరవం పెరుగుతుంది.

ఇక ముగింపు. ఓడ న్యూయార్క్ చేరగానే కథ అయిపోయినట్టు రాయడం తొందరపాటు. అక్కడి ఇళ్లలో పనికి కుదిరిన అమ్మాయిలు జీతంలో మిగిల్చి ఊరికి పంపేవారు. ఆ డబ్బుతో ముందు తమ్ముడికి టికెట్, తర్వాత చెల్లికి. కుటుంబం మళ్లీ ఒక చోటికి చేరింది ఇలాగే, ఏళ్ల తరబడి, ఒక్కొక్కరుగా. నవలలో సగం ఆ జీతాల లెక్కలకే ఇవ్వాలి.